వానలో లేచిన రాకెట్ ఎండలో ఎందుకు ఆగుతుంది?

దేవరకొండ వైపు హైస్కూల్లో సైన్స్ చెప్పే టీచర్ ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "శ్రీహరికోటలో ఒకసారి ముసురు పట్టి ఉన్నా రాకెట్ వదులుతారు. ఇంకోసారి టీవీలో ఎండ కనబడుతున్నా వాతావరణం బాగాలేదని వాయిదా వేస్తారు. లోపల మనుషులే లేని రాకెట్‌కి ఇంత జాగ్రత్త దేనికి? ఇంకొకటి, మా పిల్లలు గ్రౌండ్‌లో వదిలే నీళ్ల రాకెట్ గాలితోపాటు కొట్టుకుపోవాలి కదా, గాలికి ఎదురు తిరిగి పోతుందేం?"

సార్, మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి సగం జవాబు ఉంది. ముందు వాన సంగతి చూద్దాం. అందరూ దాన్నే చూస్తారు గానీ, అడ్డంకుల్లో అది చిన్నది.

ఇస్రో ఎక్కువగా వాడే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఎత్తు 44 మీటర్లు, బరువు సుమారు 320 టన్నులు. నిలబడి ఉన్నప్పుడు జల్లు దాన్ని ఏమీ చేయదు. కనెక్టర్లకు, మూతల అంచులకు సీల్ ఉంటుంది. ఉపగ్రహం ఉన్న హీట్ షీల్డ్ లోపలికి తేమ చేరకుండా పొడి చల్లగాలి ఆగకుండా పంపుతుంటారు. చినుకుతో ఇబ్బంది వేగం అందుకున్నాకే. ధ్వని వేగం దాటిన ముక్కుకు ఎదురయ్యే 2, 3 మిల్లీమీటర్ల చినుకు నీళ్లలాగా తగలదు, గులకరాయిలాగా తగులుతుంది. పైనున్న ఉష్ణ రక్షణ పొరను గీరేస్తుంది. అందుకే ముసురులో పోవచ్చు, కుండపోతలో పోకూడదు. వడగళ్లు ఉంటే ఇక చర్చే లేదు. 2008 అక్టోబర్ 22 తెల్లవారి చంద్రయాన్-1 లేచినప్పుడు, అంతకుముందు రోజులన్నీ శ్రీహరికోటలో వానలే. అప్పుడు శాస్త్రవేత్తలను ఎక్కువగా కలవరపెట్టింది వాన కాదు, పిడుగు.

మొగులు నల్లగా ఉన్నంత మాత్రాన అందులో కరెంటు ఉన్నట్టు కాదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చి, నాలుగింటికి పడమట మొగులు లేచి, దుమారం తోసి, బత్తాయి తోటల్లో కాయలు రాల్చి పోయే వాన ఉంటుంది చూడండి, ఆ మొగులు తల 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. మన ప్రాంతంలో సుమారు 5 కిలోమీటర్లు పైకి పోతే సున్నా డిగ్రీలు. అక్కడి నుంచి ఇంకా పైన, మైనస్ 10, మైనస్ 20 డిగ్రీల పొరలో మంచు పలుకులు, ఇంకా గడ్డకట్టని నీటి తుంపరలు, మెత్తటి వడగళ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. విద్యుత్ చార్జి విడిపోయేది ముఖ్యంగా అక్కడే. కాబట్టి మొగులు ప్రమాదమా కాదా అన్నది దాని తల ఎంత చల్లటి పొరను అందుకుందో దాన్నిబట్టి తేలుతుంది. తల 5 కిలోమీటర్ల కిందే ఆగిపోయిన మొగులు పొద్దంతా కురిసినా అందులో చార్జి పెద్దగా ఉండదు. ముసురులో రాకెట్ పోవడానికి కారణం అదే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రాకెట్‌కి పిడుగు "వచ్చి" తగలాల్సిన పని లేదు, రాకెటే పిడుగును పిలుచుకుంటుంది. రాకెట్ ఒళ్లు లోహం, వెనక తోకలాగా సాగే వేడి వాయువు కూడా కరెంటును మోస్తుంది. రెండూ కలిస్తే రాకెట్ పొడవుకు ఎన్నో రెట్లున్న తీగను మొగులులోకి దూర్చినట్టే. అప్పటిదాకా ఒక్క మెరుపూ లేని మొగులు కూడా ఆ తీగ కొసన పిడుగు రాలుస్తుంది. ఫ్లోరిడాలో పరిశోధకులు కావాలనే సన్నటి రాగి తీగ కట్టిన చిన్న రాకెట్లను మొగులులోకి వదిలి పిడుగులు రప్పించుకుని కొలిచేవారు. తీగ లేకపోయినా పెద్ద రాకెట్ చేసేది అదే పని.

దీనికి మనుషుల్లేని రాకెట్ కట్టిన మూల్యం 1987 మార్చి 26న కేప్ కెనవరాల్‌లో కనబడింది. అట్లాస్-సెంటార్ రాకెట్, అమెరికా నౌకాదళం వాడే ఫ్లీట్‌శాట్‌కామ్ ఉపగ్రహం. మొగులు, వాన ఉన్నా వదిలారు. లేచి నిమిషం కూడా కాకముందే, సుమారు 49 సెకన్ల దగ్గర పిడుగు పడింది. రాకెట్ కాలిపోలేదు, ట్యాంకూ పగల్లేదు. గైడెన్స్ కంప్యూటర్ మెమరీలో ఒక చోట విలువ మారిపోయింది, అంతే. కంప్యూటర్ దాన్నే నమ్మి ఇంజిన్లను ఒక పక్కకు గట్టిగా తిప్పమంది, రాకెట్ అడ్డం తిరిగి గాలి దెబ్బకు విరిగిపోయింది. 1969 నవంబర్ 14న అపోలో 12ను 36, 52 సెకన్ల దగ్గర రెండుసార్లు పిడుగు కొట్టినా అది చంద్రుడి దాకా పోయిందంటే, రాకెట్‌ను నడిపే కంప్యూటర్ చెదరకపోవడమే కారణం. 2019 మే 27న రష్యాలోని ప్లెసెత్స్క్ నుంచి దారి చూపే గ్లోనాస్ ఉపగ్రహంతో లేచిన సోయుజ్ రాకెట్‌కి కూడా పిడుగు తగిలింది, అదీ క్షేమంగానే కక్ష్యకు చేరింది. ఇలాంటివి చూపించి "ఏం కాదులే" అనుకోవడం పొరపాటు. ఎక్కడ తగులుతుందో, ఏ వైరులోకి కరెంటు దూరుతుందో ఎవరి చేతిలోనూ లేదు. విమానాలకు ఆ దెబ్బ ఓర్చుకునే రక్షణ కట్టేస్తారు. రాకెట్‌లో ప్రతి కిలో లెక్కే కాబట్టి, తట్టుకునేలా కట్టడం కంటే తప్పించుకోవడం చవక.

ఎంత దూరం తప్పించుకోవాలి? అమెరికా వాళ్ల నియమాలు బహిరంగంగానే ఉంటాయి, వాటితో అంచనా వస్తుంది. పిడుగు కొట్టిన చోటికి 10 నాటికల్ మైళ్ల, అంటే సుమారు 18 కిలోమీటర్ల లోపు రాకెట్ దారి ఉంటే 30 నిమిషాలు ఆగాలి. తల మైనస్ 20 డిగ్రీలను దాటిన కుప్ప మొగులుకు కూడా అంతే దూరం, అందులో మెరుపు ఉన్నా లేకపోయినా. తల మైనస్ 10 దాటితే 5 నాటికల్ మైళ్లు. నేల మీద విద్యుత్ క్షేత్రాన్ని కొలిచే ఫీల్డ్ మిల్ అనే పరికరాలు ఉంటాయి. తెరిపి రోజున మీటరుకు 100 వోల్టుల చుట్టూ ఉండే లెక్క, మొగులు తలమీదికి వస్తే వేలల్లోకి పోతుంది. 1,000 దాటితే గంట మోగినట్టే. ఉరుముల వాన వెలిసిపోయాక మిగిలిన చిల్లర మొగులును చూసి "తేలిపోయింది కదా" అనిపిస్తుంది. అందులో చార్జి ఇంకా చిక్కుకుని ఉంటుంది, దానికి 3 గంటలు ఆగాలి. టీవీలో ఎండ కనబడుతున్నా ఆపారంటే ఒక కారణం ఇదే కావచ్చు: ప్యాడ్ మీద ఎండ ఉండొచ్చు, రాకెట్ సముద్రం మీదికి పోయే దారిలో 15 కిలోమీటర్ల అవతల మొగులు తల పెరుగుతుండొచ్చు. శ్రీహరికోటలో వాన మొగులును పసిగట్టే ఎస్-బ్యాండ్ డాప్లర్ రాడార్‌కి అది కనబడుతుంది, టీవీ కెమెరాకి కనబడదు.

రెండో కారణం బొత్తిగా కంటికి కనబడనిది: పై గాలి.

రాకెట్ మీద గాలి ఒత్తిడి ఎక్కువయ్యేది నేల దగ్గర కాదు, బాగా పైన కూడా కాదు. లేచిన మొదటి నిమిషం అటూఇటూగా, సుమారు 10 నుంచి 14 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ రాకెట్ వేగం పెరిగి ఉంటుంది, గాలి ఇంకా మరీ పలచబడి ఉండదు. దీన్ని మాక్స్ క్యూ అంటారు. రాకెట్ నిలువు బరువును మోసేలా కట్టిన పలచటి గొట్టం. ముక్కు మీద సూటిగా వచ్చే గాలిని బాగానే ఓర్చుకుంటుంది, పక్క నుంచి తోస్తే నడుం దగ్గర వంగుతుంది. లెక్క వేసి చూడండి: రాకెట్ సెకనుకు 500 మీటర్లు పోతోంది, అడ్డంగా 50 మీటర్ల గాలి ఉంది. రాకెట్‌కి గాలి ముక్కు నుంచి సుమారు 6 డిగ్రీల పక్కగా వస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ కోణం, గాలి ఒత్తిడి, రెండింటి గుణకారం హద్దు దాటితే బాడీ విరుగుతుంది. అంతకంటే ముందే ఆ తోపును సరిదిద్దే శక్తి అయిపోవచ్చు కూడా. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ పెద్ద ఘన ఇంధన మోటార్, దాని నాజిల్, అంటే మంట బయటికి వచ్చే మూతి, తిరగదు. నాజిల్ పక్క నుంచి స్ట్రాన్షియం పర్‌క్లోరేట్ ద్రావణాన్ని చిమ్మి మంటను పక్కకు మళ్లిస్తారు. ఆ ద్రావణం తెచ్చుకున్నంతే ఉంటుంది.

గాలి వేగంగా ఉన్నా ఒకే తీరుగా ఉంటే దారి దొరుకుతుంది. అసలు ప్రమాదం వేగమో దిక్కో ఉన్నట్టుండి మారడం, విండ్ షియర్. నార్కట్‌పల్లి దాటాక విజయవాడ హైవే మీద బైక్ నడిపినవాళ్లకు ఇది తెలుసు. పక్కగాలికి ఒరిగి బాగానే పోతుంటాం. పెద్ద లారీ పక్కకు రాగానే గాలి ఆగిపోయి బైక్ దానివైపు లాగుతుంది, దాటగానే మళ్లీ ఒక్క తోపు. రాకెట్ నిలువుగా పోతుంది కాబట్టి కిలోమీటరు మందం పొరను కొద్ది సెకన్లలో దాటేస్తుంది. ఆ దెబ్బ అంతే హఠాత్తుగా ఉంటుంది.

అందుకే ప్రయోగం రోజున బెలూన్లు వదులుతూనే ఉంటారు. బెలూన్ సెకనుకు 5 మీటర్ల చొప్పున లేస్తుంది, 12 కిలోమీటర్లు చేరడానికే 40 నిమిషాలు. ఆ కొలతలతో కంప్యూటర్‌లో రాకెట్‌ను "ఎగరేసి" చూసి, గాలికి ముక్కు సూటిగా పెట్టుకుని పోయేలా ఆనాటి దారిని సవరించి రాకెట్‌లోకి ఎక్కిస్తారు. ఇంజినీర్లు విండ్ బయాసింగ్ అనేది దీన్నే. ఇబ్బందేమిటంటే, ఆ లెక్క గంట కిందటి గాలిది. చివరి బెలూన్ చెప్పింది అంతకుముందు దానికంటే బాగా తేడాగా ఉంటే, ఎక్కించిన దారి నిన్నటి పేపర్ అయిపోతుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణ భారతం మీద, 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమటికి వేగంగా వీచే జెట్ గాలి ఉంటుంది. కింద మనకు నైరుతి గాలి, పైన దానికి పూర్తి ఎదురు. అయినా చంద్రయాన్-2 (2019 జులై 22), చంద్రయాన్-3 (2023 జులై 14) రెండూ ఆ కాలంలోనే పోయాయి. తూర్పుకు పోయే రాకెట్‌కి అది ఎదురుగాలి, రాకెట్ వాలును కొంచెం మార్చి సర్దుకోవచ్చు. ధ్రువ కక్ష్య కోసం దక్షిణానికి మళ్లే రాకెట్‌కి అదే పక్కగాలి అవుతుంది, లెక్క ఇంకో రకంగా కట్టాలి. చిన్న రాకెట్లకు పై గాలితో తంటా మరీ ఎక్కువ. 2020 జూన్‌లో ఫ్రెంచ్ గయానాలో వేగా రాకెట్ పై గాలుల వల్ల పదేపదే ఆగి, చివరికి సెప్టెంబర్ 2న గానీ లేవలేదు. 2023 ఆగస్టు 28న జపాన్ చంద్ర ల్యాండర్‌ను మోస్తున్న హెచ్-2ఏని అరగంట ముందు ఆపింది కూడా పై గాలే.

ఇక్కడ పక్క మాట ఒకటి. బేగంపేట వాతావరణ కేంద్రం కూడా పొద్దున, సాయంత్రం ఇలాంటి బెలూన్ వదులుతుంది. పైన పగిలాక దానికి కట్టిన చిన్న పరికరం ఎక్కడో చేలో పడుతుంది. దానితో భయమేమీ లేదు. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం వాళ్లవి మాత్రం వేరు. అవి చాలా పెద్దవి, పారాచూట్‌తో దిగుతాయి, కొన్ని పరికరాల్లో హై వోల్టేజ్ ఉంటుంది. ఊళ్లో అలాంటిది పడితే తెరవకుండా, దాని మీద రాసి ఉన్న నంబరుకో పోలీస్ స్టేషన్‌కో చెప్పమని పిల్లలకు చెప్పండి.

నేల గాలి సంగతి సులువే. 44 మీటర్ల ఎత్తు, 2.8 మీటర్ల వ్యాసం ఉన్న స్తంభం మీద సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే పక్క తోపు ముప్పావు టన్ను. అదే 20 మీటర్లయితే రెట్టింపు కాదు, నాలుగింతలు, సుమారు 3 టన్నులు. పక్కన కట్టిన స్ట్రాపాన్ మోటార్లను కలిపితే ఇంకా ఎక్కువ. దీనికి తోడు గాలి స్తంభం వెనక సుడులు తిరిగి దాన్ని అటూఇటూ ఊపుతుంది. లేచే క్షణంలో రాకెట్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి గాలి దాన్ని టవర్ వైపు జరపొచ్చు. అమెరికా ఫాల్కన్ 9 రాకెట్‌కి బహిరంగంగా ప్రకటించిన హద్దు 162 అడుగుల ఎత్తున 30 నాట్లు, గంటకు సుమారు 55 కిలోమీటర్లు. తుఫాను వస్తోందంటే గాలి లెక్కలు కట్టుకుంటూ కూర్చోరు, ప్రయోగమే వాయిదా.

వేడి, చలి గురించి క్లుప్తంగా. ఘన ఇంధనం వేడెక్కితే కొంచెం వేగంగా కాలుతుంది, డిగ్రీకి 0.1 నుంచి 0.2 శాతం లెక్కన. కానీ టన్నుల కొద్దీ ఉన్న ఇంధన ముద్ద వేడెక్కడానికి రోజులు పడుతుంది, ఒక మధ్యాహ్నపు ఎండ సరిపోదు. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో వాడే నైట్రోజన్ టెట్రాక్సైడ్ 21 డిగ్రీలకే మరుగుతుంది, అందుకే దాన్ని చల్లగా, ఒత్తిడిలో ఉంచాలి. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ ఉన్న రాకెట్లకైతే తేమ గాలి తగిలిన చోటల్లా మంచు పేరుకుంటుంది. ఆపిన ప్రతి గంటా కొంత ఇంధనం ఆవిరైపోతుంది. చలి చేసిన చేటుకు 1986 ఛాలెంజర్ స్పేస్ షటిల్ ప్రమాదం చాలు. అందులో మనుషులున్నారు గానీ, చలికి బిగుసుకుని లీకైన రబ్బరు రింగు ఘన మోటార్ అతుకుది, మనుషుల్లేని రాకెట్‌లోనూ అదే జరిగేది.

ఎవరూ ఊహించని అడ్డంకి నిశ్చలమైన గాలి. చలికాలం తెల్లారగట్ల పక్క ఊరి గుడి మైకు మన వాకిట్లో మోగినట్టు వినబడుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉండటంతో శబ్దం పైకి పోకుండా నేలకు వంగి వస్తుంది. ఆ పూట రాకెట్ పేలితే దాని అదురు కూడా అలాగే దూరం పాకి కిటికీ అద్దాలు పగలగొడుతుంది. ఘన మోటార్ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అదీ పైకి లేవకుండా గాలివాటు ఊళ్ల వైపు పోవచ్చు. అందుకే గాలి బొత్తిగా లేదంటే కూడా ప్రయోగ కేంద్రంలో భద్రత చూసే రేంజ్ సేఫ్టీ వాళ్లు సంతోషించరు.

ఇక మనుషుల్లేకపోతే తేడా ఏంటంటే, నియమాల జాబితా ఒక ముక్క తగ్గుతుంది. మనుషులుంటే మధ్యలో దింపాల్సి రావచ్చు కాబట్టి, దారి పొడుగునా సముద్రం మీద అలలు, గాలి కూడా చూడాలి. ఉపగ్రహానికి ఆ బాధ లేదు. కానీ పైన చెప్పిన పిడుగు, షియర్ లెక్కలు రాకెట్‌వి, మనిషివి కావు, అవి తగ్గవు. గగన్‌యాన్ పరీక్ష టీవీ-డీ1లో మనుషుల్లేరు గానీ, మాడ్యూల్ పారాచూట్‌తో సముద్రంలో దిగాలి. 2023 అక్టోబర్ 21న 8 గంటలకు లేవాల్సింది వాతావరణం వల్ల 8:45 దాకా జరిగింది. తర్వాత చివరి సెకన్లలో కంప్యూటర్ ఆపడం, 10 గంటలకు లేవడం వేరే కథ. ఒక్కోసారి అడ్డుపడే వాతావరణం ప్రయోగం చోటే ఉండదు. మంగళయాన్ 2013 అక్టోబర్ 28న పోవాల్సింది. రాకెట్‌ను దారిలో గమనించాల్సిన నలంద నౌక పసిఫిక్‌లో చెడు వాతావరణం వల్ల ఆలస్యమై, ప్రయోగం నవంబర్ 5కు మారింది. శ్రీహరికోటలో ఆకాశం ఎలా ఉన్నా లాభం లేకపోయింది.

ఇప్పుడు మీ నీళ్ల రాకెట్. రెక్కలు వెనక ఉన్నాయి, బరువు ముందు ఉంది. పక్కగాలి రెక్కలను తోస్తే తోక గాలివాటుకు పోతుంది, ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. ముక్కు తిరిగాక నీటి తోపు అటే నెడుతుంది. పైన చెప్పిన కోణమే ఇది, కాకపోతే చాలా పెద్దది: పట్టా (రాకెట్ జారుతూ లేచే కడ్డీ) వదిలేటప్పుడు వేగం సెకనుకు 20 మీటర్లు, గాలి 5 మీటర్లు అయితే 14 డిగ్రీలు. రోహిణి ఆర్‌హెచ్-200 లాంటి చిన్న పరిశోధన రాకెట్లకూ ఇదే బాధ, అందుకే గాలిని కొలిచి లాంచర్ వాలును, దిక్కును మార్చి వదులుతారు.

మీరు చేయాల్సింది: 2 లీటర్ల కూల్‌డ్రింక్ బాటిలే వాడండి, మంచినీళ్ల బాటిల్ ఒత్తిడికి ఆగదు. మూడో వంతు, అంటే 600 నుంచి 650 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. మీటర్ ఉన్న సైకిల్ పంపుతో 45 నుంచి 60 పీఎస్ఐ, అంతకు మించొద్దు. గీతలు పడ్డ బాటిల్ పక్కన పెట్టేయండి. మీటరు పొడుగు పట్టా పెడితే రాకెట్ వేగం అందుకున్నాకే గాలి చేతికి చిక్కుతుంది, తిరగడం తగ్గుతుంది. అయినా బాగా ఎదురు తిరుగుతుంటే రెక్కలు మరీ పెద్దవి, అంచు నుంచి వేలెడు కత్తిరించి చూడండి. పూర్తిగా పల్టీలు కొడితే దానికి ఉల్టా: ముక్కులో 50 గ్రాముల మట్టి ముద్ద పెట్టండి. పారాచూట్ లేకపోతే పట్టాను గాలి పోయే దిక్కుకు 5 డిగ్రీలు వాల్చండి. వెదురు కర్రకు రిబ్బన్ కట్టి పాతండి, అది అడ్డంగా బిగుసుకుని నిలబడితే ఆ పూట వదలొద్దు. పంపు కొట్టే పిల్లవాడు తప్ప అందరూ పది మీటర్ల అవతల ఉండాలి, వదిలేది తాడు లాగి.

ఫోన్‌లో దామిని యాప్ వేసుకోండి, పిడుగు 20 నుంచి 40 కిలోమీటర్ల లోపుకు వస్తే చెబుతుంది. ఉరుము ఒక్కటి వినబడినా రాకెట్‌ను అక్కడే వదిలేసి పిల్లలందరినీ తరగతి గదిలోకి తోలండి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు లెక్కపెట్టాకే మళ్లీ గ్రౌండ్.